గీత ఎటు? కృష్ణలో తిరిగే ఒక లాంచీ వైరింగ్ కేసు

"పంపు వేస్తే ప్లాటరు ఆరిపోతోంది. అది వెలిగినప్పుడు కూడా లోతు చూపించే చోట అంకె బదులు గీతలే వస్తున్నాయి. ఓసారి వచ్చి చూడు నాయనా." పున్నమి ఘాటు నుంచి సరంగు బాబాయ్ ఫోను. నేను ఆటోనగర్‌లో కార్ల సెల్ఫ్ మోటర్లూ, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్లూ విప్పుతూ పెరిగినవాణ్ణి, బోట్ల పని తర్వాత అలవాటైంది. రెండు ఫిర్యాదులూ విడివిడివని మొదట అనుకున్నాను. ఒకటి వైరు సన్నం, రెండోది డేటా కనెక్షన్ తప్పు, పూటలో అయిపోతుందని లెక్క. అయిపోలేదు.

లాంచీ సంగతి ముందు చెప్పాలి. ఫైబర్ బాడీ. బ్యాటరీ వెనక ఇంజను పక్కన, సరంగు కూర్చునే చోటు ముందు, రెంటికీ మధ్య వైరు దారి పది మీటర్లు. ముక్కు దగ్గర అడుగున చేరే నీళ్లు తోడటానికి ఒక 12 వోల్టుల పంపు. సరంగు ముందు రెండు పరికరాలు. ఒకటి పాత ఎకో సౌండరు, అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్‌తో 200 కిలోహెర్ట్జ్ శబ్దం పంపి లోతు చెబుతుంది. రెండోది కొత్త జీపీఎస్ ప్లాటరు, వెళ్లిన దారిని గుర్తుపెట్టుకుంటుంది. సౌండరు లోతు ప్లాటరుకి చేరితే ఏ చోట ఎంత లోతో దారితో పాటే రికార్డవుతుంది. ఓనరు గారికి కావలసింది అదే.

నదిలో లాంచీకి ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 57 అడుగులని పేపర్లో చదివి, అక్కడ 57 అడుగుల లోతుందనుకునేవాళ్లే ఎక్కువ. ఆ అంకె సముద్రమట్టం నుంచి లెక్క. భవానీ ద్వీపం చుట్టూ గెడ వేస్తే ఇసుక తగిలే చోట్లు ఎన్నో ఉన్నాయి. పైగా ప్రతి వరదకీ మేటలు చోటు మారుస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ మీద 11.43 లక్షల క్యూసెక్కులు దాటిన వరద తర్వాత బాబాయ్ లాంటివాళ్లకి కూడా నదిని మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి వచ్చింది.

ఈ కేసు మొదలైంది కూడా ఆ వరదతోనే. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకి తగిలిన రోజులవి. ఈ లాంచీని గట్టిగా కట్టారు కాబట్టి నిలిచింది, లోపలికి మాత్రం నీళ్లొచ్చాయి. పరికరాలు ముందే విప్పి ఇంటికి తీసుకెళ్లారు. వైర్లు మూడు రోజులు ఒండ్రు నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక మొత్తం కొత్త వైరింగ్ చేయించారు. చేసిన కుర్రాడు ఆటోనగర్ వాడే, కార్ల పనిలో చెయ్యి తిరిగినవాడు. అతన్ని కూడా రమ్మన్నాను. ఎవరి పనినైనా వాళ్లు లేకుండా విప్పితే సగం కథ తెలియదు.

ముందు మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. ప్లాటరు పిన్నుల దగ్గర 11.5. పంపు వేయమన్నాను. బ్యాటరీ 12.3 దగ్గర ఆగింది, ప్లాటరు దగ్గర మాత్రం 9.5కి పడిపోయింది, తెర నల్లబడింది. ప్లాటరుకి కనీసం 10 వోల్టులు కావాలని దాని పుస్తకంలోనే ఉంది. అంటే ఆరిపోవడం ప్లాటరు తప్పు కాదు.

ఎక్కడ పోతున్నాయి ఈ వోల్టులు? కుర్రాడు ఇంటి వైరింగ్‌కి వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరు లాగాడు, దాని మీదే పంపూ ప్లాటరూ రెండూ వేశాడు. అలాంటి రాగి వైరు మీటరుకి సుమారు 0.018 ఓము. పోను పది మీటర్లు, రాను పది, మొత్తం 20. అంటే 0.36 ఓము. (రాను లెక్క మరిచిపోయేవాళ్లు చాలామంది. కార్లో రాను దారి బాడీ ఎర్తే, అంటే ఇనప బాడీయే మైనస్ వైరు పని చేస్తుంది కాబట్టి మనకా అలవాటు.) పంపు 5 ఆంపియర్లు, ప్లాటరు 0.8. రెండూ కలిసి 0.36తో హెచ్చిస్తే 2.1 వోల్టులు. 12.3లోంచి తీసేస్తే 10.2 మిగలాలి. మీటరు 9.5 అంటోంది. ఇంకో 0.7 ఎవరు తిన్నారు?

0.7 అనే అంకె కనబడగానే ఎలక్ట్రీషియన్‌కి ఒకటే గుర్తుకురావాలి. ప్లాటరు వెనక చెయ్యి పెట్టి తడిమాను. టేపు చుట్టిన చోట చిన్న ఉబ్బు. విప్పితే నల్లటి డయోడు, కరెంటుని ఒక్క దిక్కుకే పోనిచ్చే చిన్న సరుకు, ప్లస్ వైరులో వరసలో వేసి ఉంది. సిలికాన్ డయోడులోంచి కరెంటు పోతే 0.6 నుంచి 0.7 వోల్టు దాకా దాని దగ్గరే ఆగిపోతుంది.

"ఇదెందుకు పెట్టావ్ తమ్ముడూ?"

"తిరగేసి కనెక్షన్ ఇచ్చినా కాలకూడదని అన్నా. ముందు ఇంకోలా ఉండేది, అది పెడితే ఫ్యూజు ఎగిరిపోతోంది, అందుకని ఇలా వేశా."

ముందు ఎలా ఉండేదో, ఫ్యూజు ఎందుకు ఎగిరిందో అడిగితే అసలు కథ బయటికొచ్చింది. వరద ముందు ఉన్న వైరింగ్‌లో డయోడు ప్లస్‌కీ మైనస్‌కీ అడ్డంగా, ప్లాటరు దగ్గర, 2 ఆంపియర్ల ఫ్యూజు తర్వాత ఉండేది. మామూలప్పుడు అది ఏ పనీ చెయ్యదు, కరెంటు వదలదు. ఎవరైనా బ్యాటరీ వైర్లు తారుమారు చేస్తే మాత్రం అది తలుపు తెరిచి అంతా తనలోంచే పోనిస్తుంది. ఫ్యూజు ఎగిరిపోతుంది, ప్లాటరు బతుకుతుంది. వోల్టు నష్టమూ లేదు. పాతవాళ్లు చేసిన మంచి పని.

కుర్రాడు తెచ్చిన వైరు రెండు కోర్లూ నలుపే, ఒకదాని మీద సన్నటి తెల్ల గీత. ముందు వైపు అతనే కలిపాడు. గీత ఉన్నది మైనస్ అనుకున్నాడు. వెనక బ్యాటరీ దగ్గర కళాసీ కలిపాడు. అతను గీత ఉన్నది ప్లస్ అనుకున్నాడు. స్విచ్ వేయగానే ఫ్యూజు పోయింది. డయోడు తన పని చేసింది. ఆ క్షణంలో ఆగి మీటరు పెట్టి ఉంటే ఈ కేసే లేదు. 5 ఆంపియర్ల ఫ్యూజు వేశారు, అదీ పోయింది. ఈసారి డయోడు కూడా లోపల అతుక్కుపోయింది. డయోడు ఎక్కువ కరెంటుకి చచ్చిపోతే మొదట షార్టు అవుతుంది, రెండు వైపులా వదిలేస్తుంది. తర్వాత వైర్లు సరిచేసుకున్నారు గాని, చచ్చిన డయోడు అక్కడే ఉంది కాబట్టి ఫ్యూజు మళ్లీ పోయింది.

అప్పుడు డయోడు మార్చాడు. ఎటు పెట్టాడు?

"గీత మైనస్ కదన్నా. గీత వైపు మైనస్‌కే పెట్టా."

ఈ ఒక్క మాట కోసమే ఈ కేసు రాస్తున్నాను. డయోడు మీద వెండి గీత ఉన్న కాలు క్యాథోడు, దాన్ని మైనస్ అని పుస్తకాలే రాస్తాయి. ఎల్‌ఈడీకి పొట్టి కాలు, అంచు చదునుగా ఉన్న వైపు క్యాథోడు, అది నిజంగానే మైనస్‌కి పోతుంది. అలా అలవాటైన చెయ్యి అన్ని డయోడ్లనీ అలాగే పెడుతుంది. కానీ గీత చెప్పేది ఒకటే: కరెంటు ఇటు నుంచి బయటికి పోగలదు, ఇటు నుంచి లోపలికి రాలేదు. దాన్ని ఎటు తిప్పాలో డయోడుకి మనం అప్పజెప్పిన పని మీద ఉంటుంది. ప్లస్ వైరులో వరసలో వేస్తే గీత పరికరం వైపు. కాపలాకి ప్లస్ మైనస్‌ల మధ్య అడ్డంగా వేస్తే గీత ప్లస్ వైపు, ఎందుకంటే మామూలప్పుడు అది మూసుకుని ఉండాలి. ఎల్‌ఈడీ వెలగాలి కాబట్టి దాన్ని తెరిచిపెడతాం. కాపలా డయోడు వెలగాల్సింది ఏమీ లేదు.

గీత మైనస్‌కి పెట్టిన డయోడు స్విచ్ వేయగానే నేరుగా షార్టు. ఈసారి 15 ఆంపియర్ల ఫ్యూజు వేశారు. అది రెండు క్షణాలు ఓర్చుకుంది, ఆ లోపు ప్లాటరు వెనక సన్న వైరు నుంచి పొగ వచ్చింది, డయోడు రెండు ముక్కలైంది. భయపడి దాన్ని కోసేసి, ఇంకోటి వరసలో పెట్టాడు. ఒకవైపు పెడితే ప్లాటరు వెలగలేదు, తిప్పితే వెలిగింది. అలా 0.7 వోల్టు దొంగ లోపలికొచ్చాడు.

నేను అతన్ని తిట్టలేదు. తిట్టే అర్హత నాకు లేదు. కొత్తల్లో ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ ప్లేటుకి డయోడ్లు ఏరే పని నాకిచ్చారు. చూడటానికి ఒకేలా ఉండే ప్రెస్ డయోడ్లలో సగం బాడీ ప్లస్, సగం బాడీ మైనస్. రంగు గుర్తులు చెరిగిపోయి ఉన్నాయి. సూది మీటరు ఓముల్లో పెట్టి ఏరాను, మొత్తం సెట్టు తారుమారుగా. సూది మీటర్లలో ఓముల రేంజిలో లోపలి సెల్లు ప్లస్ నల్ల ప్రోబుకి వస్తుంది, ఎర్రదానికి కాదు. ఈ సంగతి ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. డిజిటల్ మీటరు డయోడు గుర్తులో పెడితే ఎర్రదే ప్లస్. ఎర్రది గీత లేని కాలికి, నల్లది గీత కాలికి పెడితే 0.5, 0.6 అలా చూపాలి, తిప్పితే ఓఎల్ అనాలి, అంటే కరెంటు పోవట్లేదని. రెండు వైపులా సున్నా పక్కకి వస్తే చచ్చింది.

కుర్రాడికి అర్థం కావడానికి కారు దగ్గరికే తీసుకెళ్లాను. రిలే అంటే కాయిలు నడిపే స్విచ్చు, ఆ కాయిలు రెండు కాళ్ల నంబర్లే 85, 86. "లోపల డయోడున్న రిలేకి 85, 86 తిరగేసి ఇస్తే ఏమవుతుంది?"

"డయోడు కాలిపోద్ది అన్నా. 86కే ప్లస్ ఇవ్వాలి."

"ఆ డయోడు గీత ఏ కాలి వైపు ఉన్నట్టు?"

కాసేపు ఆలోచించాడు. "86 వైపే. అంటే ప్లస్ వైపు." తర్వాత తనే నవ్వాడు. రిలే కాయిలు ఆపినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీని మింగటానికి ఆ డయోడు అడ్డంగా ఉంటుంది. ప్లాటరు దగ్గరి కాపలా డయోడూ అదే తీరు. కార్లో ఏళ్లుగా చేస్తున్న పనే ఇది, పేరు మాత్రం కొత్త.

ఇక లోతు రాకపోవడం. ఇది పవర్ కాదు, డేటా. సౌండరు ఎన్‌ఎంఈఏ 0183 అనే పద్ధతిలో మాట్లాడుతుంది. సెకనుకి 4800 బిట్ల వేగంతో, డాలరు గుర్తుతో మొదలయ్యే చిన్న చిన్న వాక్యాలు. చెప్పేవాడు ఒకడే, వినేవాళ్లు ఒకరికంటే ఎక్కువ మంది ఉండొచ్చు. చెప్పేవాడి నుంచి ఏ, బీ అని రెండు వైర్లు వస్తాయి. వినేవాడికీ ఏ, బీ ఉంటాయి. ఏకి ఏ, బీకి బీ కలపాలి, అంతే. చిక్కు ఎక్కడంటే, ఏ రంగు ఏదో ఆ ప్రమాణం చెప్పదు, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. కుర్రాడు లేత రంగుకి లేత, ముదురుకి ముదురు కలిపాడు. ఈ రెండు పరికరాల్లో అది సరిగ్గా తారుమారు.

తారుమారైతే ఏమవుతుంది, రెండు వైర్లే కదా అనుకోవచ్చు. వినేవాడి లోపల మళ్లీ డయోడే ఉంది. ఎన్‌ఎంఈఏ 0183 వినే పరికరాల్లో లోపలికొచ్చే వైర్లు ఒక ఆప్టోకప్లర్‌కి పోతాయి. అందులో ఒకవైపు చిన్న ఎల్‌ఈడీ, ఎదురుగా వెలుతురు తగిలితే తెరుచుకునే ట్రాన్సిస్టర్. రెంటికీ మధ్య వైరు లేదు, వెలుతురు ఒక్కటే. సౌండరు మాట్లాడనప్పుడు 'ఏ' వైరు 'బీ' కంటే తక్కువ వోల్టులో ఉంటుంది, ఎల్‌ఈడీ ఆరి ఉంటుంది. మాట మొదలయ్యే బిట్టుకి 'ఏ' పైకి లేస్తుంది, ఎల్‌ఈడీ వెలుగుతుంది. తిరగేసి కలిపితే, మౌనంగా ఉన్నంతసేపూ వెలిగే ఉంటుంది, మాటలో వెలుగూ చీకటీ అన్నీ తలకిందులు. ప్లాటరుకి అది అర్థంలేని గోల, కాబట్టి తెర మీద గీతలు.

దీన్ని చూడటానికి నా సంచిలో ఒక చిన్న దీపం ఉంటుంది, నేనే కట్టుకున్నది. ఎర్ర ఎల్‌ఈడీ, దానికి వరసలో 1 కిలోఓము రెసిస్టరు, ఎల్‌ఈడీకి అడ్డంగా తిరగేసి ఒక 1ఎన్4148 డయోడు. చాలా ఎల్‌ఈడీలు ఎదురు దిశలో 5 వోల్టులకి మించి తట్టుకోవు, ఆ చిన్న డయోడు దాని ప్రాణం కాస్తుంది. పొడుగు కాలు వైపు ఏ అనుకున్న వైరుకి, రెండో వైపు బీ అనుకున్న వైరుకి తాకించాలి. సరిగ్గా ఉంటే దీపం ఆరి ఉండి సెకనుకోసారి మిణుక్కుమంటుంది. తిరగబడితే వెలిగే ఉండి సెకనుకోసారి కాస్త మసకబారుతుంది. సౌండరు పంపే లోతు వాక్యాలు రెండూ కలిపి యాభై అరవై అక్షరాలు, సెకనుకి 480 అక్షరాల వేగంలో పదో వంతు సెకనే. అందుకే రెప్పపాటు మిణుకు. ఎండలో కనబడదు, చేత్తో నీడ పట్టి చూడాలి.

ప్లాటరుకి 'ఏ'గా ఇచ్చిన వైరుకి పొడుగు కాలు పెట్టాను. కుర్రాడు తన చేతులు దోనె చేసి నీడ పట్టాడు. వెలిగే ఉంది. ఒక్కో సెకనుకీ చిన్న మసక. వైర్లు మార్చి పట్టుకున్నాను. చీకటి, మిణుకు. చీకటి, మిణుకు. "ఇదేదో గుండె కొట్టుకున్నట్టుంది అన్నా" అన్నాడు. ప్లాటరు చివర రెండు వైర్లు తిప్పి బిగించాం. గీతలు పోయి 2.3 వచ్చింది.

ఇంకో తప్పు కూడా దొరికింది, చిన్నదే. ప్లాటరు మైనస్‌ని ఇంజను బోల్టుకి కట్టాడు, కార్ల అలవాటు. ఫైబర్ బోటుకి బాడీ ఎర్త్ అనేదే లేదు. ఇనప బోటైనా దాని బాడీలోంచి కరెంటు పంపకూడదు, తుప్పు తింటుంది.

తర్వాత చేసిన పని పెద్ద కథేం కాదు. బ్యాటరీ ప్లస్‌కి దగ్గరగా మెయిన్ ఫ్యూజు పెట్టాను. అమెరికా బోటు ప్రమాణాల్లో 7 అంగుళాల లోపు అంటారు, మన జానెడు కంటే తక్కువే. ముందు వైపు ఆరు దారుల ఫ్యూజు బాక్సు, మైనస్‌లన్నీ చేరటానికి ఒక ఇత్తడి బార్. పంపుకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్లు, ప్లాటరుకి విడిగా 2.5. రెండు కోర్లూ ఒకే రంగున్న వైరు ఈ బోట్లోకి రానివ్వను, ప్లస్ ఎరుపు, మైనస్ నలుపు, రెండు చివరలా చీటీలు. వరసలోని డయోడు తీసేసి 1ఎన్5408 అడ్డంగా, గీత ప్లస్‌కి, ముందు 2 ఆంపియర్ల ఫ్యూజు. 3 ఆంపియర్ల డయోడది, క్షణకాలం 200 ఆంపియర్ల దెబ్బ కూడా ఓర్చుకుంటుంది కాబట్టి ఫ్యూజే ముందు పోతుంది. నాలుగైదు రూపాయల సరుకు. బిగించాక ఓనరు గారి కళ్ల ముందే బ్యాటరీ వైపు తిరగేసి చూపించాను. ఫ్యూజు టప్‌మంది. సరిచేసి కొత్త ఫ్యూజు వేస్తే ప్లాటరు మామూలుగా లేచింది. ఈ పరీక్ష చేయకుండా నేను డబ్బు తీసుకోను. ప్లాటరు బదులు పాత బల్బు పెట్టి ముందోసారి చేసుకుంటాను, అది వేరే సంగతి.

పంపు వేసి చూస్తే ప్లాటరు దగ్గర 12.2. పంపు గొంతు కూడా మారింది. దానికి ఇన్నాళ్లూ 10 వోల్టుల చిల్లరే అందుతోంది, ఇప్పుడు 11.8.

ఓనరు గారు ఇంకో బ్యాటరీ పెట్టి రెంటి మధ్యా డయోడు వేయమన్నారు, ఎవరో చెప్పారట. వద్దన్నాను. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తుంటే డయోడు దాటాక బ్యాటరీకి 13.5 మాత్రమే అందుతుంది, అది ఎప్పటికీ నిండదు. వోల్టేజీ చూసి కలిసే రిలే పెడదామన్నాను. 13.3 దాటితే రెండు బ్యాటరీలూ కలుస్తాయి, 12.8కి పడితే విడిపోతాయి. ఆలోచిస్తానన్నారు. ఆలోచిస్తూనే ఉన్నారు.

సాయంత్రం ద్వీపం పక్కకి ట్రయలు వెళ్లాం. సౌండరులో 2.3, ప్లాటరులో 2.3. బాబాయ్ నమ్మలేదు. ఇంజను తగ్గించి గెడ వేశాడు. తీసి తడి ఎక్కడిదాకా ఉందో టేపుతో కొలిపించాడు. 2.7.

"నలభై సెంటీమీటర్లు మింగింది నీ యంత్రం."

మింగలేదు. ట్రాన్స్‌డ్యూసర్ బోటు అడుగున ఉంది, నీటి మట్టం కంటే 40 సెంటీమీటర్లు కింద. అది తన దగ్గర నుంచి ఇసుక దాకా కొలుస్తుంది. సౌండరు సెట్టింగులో 0.4 కలపొచ్చు, అప్పుడు పై నుంచి లోతు వస్తుంది. కలపనా అని అడిగాను.

"వద్దులే నాయనా. నీళ్లెంతుంటే నాకెందుకు? బోటు కిందకీ ఇసుకకీ మధ్య ఎంతుందో చాలు."

సెట్టింగు సున్నా దగ్గరే వదిలేశాను.